వర్తకసమ్మితము

కావ్యప్రకాశకర్త మమ్మటుడు ఉపదేశమును మూడు విధములుగా చెప్పెను. వేదము ప్రభువువలె శాసించును. పురాణము మిత్రునివలె నచ్చజెప్పును. కావ్యము కాంతవలె మనసు కరగించి దారికి దెచ్చును. ఏండ్ల తరబడి తరగతిలో ఈ మాట చెప్పుచు వచ్చిన నాకు, నాలుగవ విధమొకటి కలదని ఒక విద్యార్థి ప్రశ్నవలన తెలిసెను.

నేను ఉద్యోగమున క్రొత్తగా చేరిన కాలమది. రామచంద్రపురమునకు చేరువనే దాక్షారామమున్నది కదా! ఒకనాడు విద్యార్థులను భీమేశ్వరాలయమునకు తీసికొనిపోతిని. అందరును ప్రసాదమునకై తొందరపడుచుండగా, ఒకడు మాత్రము స్తంభముమీది శాసనాక్షరములను వ్రేలితో దిద్దుచు నిలిచిపోయెను. తిరిగి వచ్చిన పిదప శ్రీనాథుని భీమేశ్వరపురాణము చేతబట్టి, దినదినము నాయొద్దకు వచ్చి అర్థములడుగసాగెను. నా సంతోషమునకు మేర లేకపోయెను. ఆ ఉత్సాహములో, ఏబది పద్యములు అప్పగించినవారికి మంచి కలము బహుమానమని తరగతిలో ప్రకటించితిని. కలము అతనికే దక్కెను. మరుసటి నెలలో మరియొక పద్యము చూపగా అతడు వినయముగనే, "దీనికి బహుమానం లేదాండీ?" అని అడిగెను. తప్పు అతనిది కాదు. ఆ బేరము నేర్పినవాడను నేనే.

ఈ సంగతిని మనోవిజ్ఞానులు ప్రయోగపూర్వకముగా పరీక్షించిరి. అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అను మువ్వురు 1973లో ఒక పరిశోధన ప్రకటించిరి. బొమ్మలు గీయుటయందు సహజముగనే ఇష్టముగల మూడు మొదలు అయిదేండ్ల పిల్లలను వారు మూడు జట్లు చేసిరి. బొమ్మ గీసినచో బంగారు నక్షత్రముగల పత్రమిత్తుమని మొదటి జట్టునకు ముందే చెప్పిరి. రెండవ జట్టునకు ముందు చెప్పక, గీసిన తరువాత ఇచ్చిరి. మూడవ జట్టునకు ఏమియు ఈయలేదు. కొన్నాళ్ళకు ఆ పిల్లలు స్వేచ్ఛగా ఆడుకొనువేళ గమనింపగా, ముందుగా ఆశ చూపబడినవారు తక్కినవారిలో ఇంచుమించు సగము కాలమే బొమ్మలు గీసిరి. అనుకోక వచ్చిన బహుమానము చెరుపు చేయలేదు. బేరమాడి ఇచ్చినదే చేసెను.

వెనుకటి వీథిబడియే మేలని నేననుట లేదు. దసరాకు అందరికిని సమానముగా పప్పుబెల్లములు పంచిన ఆ బడిలోనే కోదండమును, తొడపాశమును, గోడకుర్చీయు ఉండెడివి. 2009 నాటి విద్యాహక్కు చట్టము, తన 17వ విభాగమున, పిల్లలను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. మంచిదే. కాని ప్రభువు బెత్తము దింపుచుండగనే వర్తకుడు త్రాసుతో ప్రవేశించినాడు. మార్కులు, ర్యాంకులు, వీథి మొగలో నిలువెత్తు ఫొటోలు! ఇదియే ఆ నాలుగవ విధము, వర్తకసమ్మితము.

అయినచో పేదవిద్యార్థికిచ్చు వేతనము మాటేమి? అది ఎర కాదు, ఊత. మన పొరుగున కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు 1904 నుండి 1919 వరకు ప్రిన్సిపాలుగా నుండిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు ఆడపిల్లలకు కళాశాల తలుపులు తెరచిరి. దళిత విద్యార్థులకు వసతి కల్పించిరి. వారిచ్చినది చదువునకు వెల కాదు, చదువుకొనుటకు చోటు.

భయము వెన్ను వంచును. ఆశ మనసును వంచును. తనకు తెలియకయే వంగుచున్న పిల్లవాడు వలదనియైన అనజాలడు. కనుకనే ఇది బోధనాపద్ధతికి మాత్రమే కాక ధర్మమునకును సంబంధించిన ప్రశ్న. ఉపాధ్యాయుడు తన్ను తాను పరీక్షించుకొనుటకు ఒక్కటే కొలత: నేను ప్రక్కన లేని నాడు వీడు పుస్తకము తెరచునా?

ఈనాటికిని విద్యార్థులను దాక్షారామమునకు తీసికొనిపోవుచుందును. ఎవరైన శాసనముకడ ఆగినచో, ప్రక్కన నిలిచి నాకు తెలిసిన నాలుగక్షరములు చదివి చూపుదును. బహుమానము మాట మాత్రము ఎత్తను.