పైన తేనె, వెనుక పులి

గంగా బ్రహ్మపుత్రలు సముద్రమున గలియుచోట, అసంఖ్యాకములగు పాయల నడుమ, దినమునకు రెండుమారులు పోటునీట మునిగి రెండుమారులు పాటున తేలు బురదదిబ్బలపై, సుందరవనమను మడ అడవి సుమారు 10,000 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించియున్నది. అందు ఐదింట మూడుపాళ్ళు బంగ్లాదేశమునకును, తక్కినవి మన పశ్చిమవంగమునకును చెందును. గాలి చొరని ఆ యుప్పుబురదలో వేళ్ళకు ఊపిరి దొరకదు గనుక, చెట్లు తమ వేళ్ళను మేకులవలె నేలనుండి పైకి నిలిపి శ్వాసించును. వాటి నడుమ నడచువాని కన్ను నేలపై నుండవలెను. తేనెకై పోవువాని కన్నో, ఆకాశముపై నుండవలెను. ఈ వృత్తిలోని కష్టమంతయు ఇచ్చటనే యున్నట్లు నాకు తోచును.

వసంతాంతమున, అటవీశాఖవారి అనుమతిపత్రము చేతబట్టి, మౌలేలను తేనెపట్టువారు జట్టులుగా పడవలెక్కుదురు. అప్పటికి ఖల్సీ చెట్లు తెల్లని పూలతో ఘుమఘుమలాడుచుండును. మన గోదావరి ముఖమున కోరంగి మడలలో గుగ్గిలమని పిలువబడు చెట్టిదియే. దేవుని ముందు ధూపము వేయు గుగ్గిలమునకును దీనికిని పేరు తప్ప వేరు పొత్తు లేదు. ఖల్సీ తేనె లేతవన్నెది, మిక్కిలి వెలగలది. గొరాన్, కేవరా పూల తేనెలు దాని వెనుక వచ్చును. పెట్టెలలో పెంపకమునకు లొంగని పెద్ద తేనెటీగలు కొమ్మకు ఒక్కటే పెర కట్టును. మడచెట్లు పొట్టివి గావున కొండతేనెకువలె త్రాళ్ళు, నిచ్చెనలు ఇచ్చట అంతగా పనిలేదు. పెరను కనుగొనుటయే పని. మకరందముతో బరువెక్కిన యీగ ఏ దిక్కున మరలుచున్నదో గుర్తించి, తలయెత్తి, దానివెంట పోవుచుండవలెను.

పెర కనబడగనే, మన యీతచెట్టునకు దాయాదియగు హెంతాల్ ఆకులను కట్టగట్టి పొగబెట్టుదురు. ఒకడు పొగ పట్టగా, ఒకడు కొమ్మ నెక్కి కోయగా, వేరొకడు క్రింద బుట్ట నొగ్గును. పెరలో తేనె కొమ్మ నంటిన భాగమున, పిల్లలు దాని దిగువన ఉండును; ఎరిగినవాడు తేనెగల పాలు మాత్రమే కోసి పిల్లల నీగలకే విడుచును. అట్లు విడిచినచో ఈగలు మరల నింపును. ఈ తేనెలో నీటిపాలు ఎక్కువగుటచే సీసాలో నురుగెత్తును. పట్టణపు కొనుగోలుదారు దానిని చూచి కల్తీయని శంకించుట కద్దు.

ఆ యడవిలో కోతులు కేవరా కొమ్మలపై మేయుచు రాల్చిన యాకులకై చుక్కలదుప్పులు క్రింద చేరును. దుప్పులకై పులి చేరును. ఏటిపాయల నీదుటకు వెనుదీయని ఆ పులి తరచు మనుష్యుని వెనుకనుండియే పైబడును. దీని నెరిగి 1986లో భారతభాగమున అడవికి పోవువారికి తలవెనుక మనుష్యముఖపు ముసుగులు తగిలించిరి. తన్ను ఎవరో చూచుచున్నారని పులి జంకునని యూహ. కొంతకాలము ఆ ముసుగు ధరించినవారి జోలికి పులి పోలేదు. తరువాత ఆ యుపాయము వాసి తగ్గినది.

అంతకుమున్నే వారి వెన్ను కాచుటకు బొన్‌బీబీ యున్నది. హిందువులును ముసల్మానులును సమముగా కొలుచు ఈ వనదేవత కథ తేనెవేట కథయే. ధోనా యను వర్తకుడు తేనెకును మైనమునకును పోవుచు దుఖే యను పేదబాలుని వెంటగొనిపోయి, పులిరూపుడైన దక్షిణరాయునికి ఆహారముగా దీవిలో విడిచెను. బాలుడు పిలువగా బొన్‌బీబీ వచ్చి కాచెను. అక్కఱకు మించి కోరినవానికి అడవిలో రక్షణ లేదని ఆ యూళ్ళవారి నమ్మిక. కథలోని ధోనా లోభియే. కాని అప్పుచేసి పడవ కట్టినవానికి అక్కఱ యెంతయో తేల్చుట అంత సులభము గాదు.

భర్త అడవిలో నున్నన్నాళ్ళు భార్య తలకు నూనె రాయదు, దువ్వెన ముట్టదు. తిరిగిరానివారి భార్యలను ఆ సీమలో పులివితంతువులందురు. పడవ రేవున తగిలిన పిమ్మటనే, తేనెకుండలు ఇంకను దింపకమున్నే, ఇంటిలో నూనెగిన్నె బయటికి వచ్చును.