నలభై ప్రశ్నలు, ఒక తల్లి నోటుపుస్తకం

అసలు విషయానికి వెళ్ళే ముందు నేను చేసిన తప్పొకటి మీ ఎదుట ఒప్పుకోవాలి.

పామిడిముక్కల మండలంలో కాలవ పక్కనున్న ఒక చిన్న సంఘంలో నేను చాలా ఏళ్ళుగా సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మా పిల్లల్లో ఎనిమిదేళ్ళ బాబు ఒకడున్నాడు. మూడో తరగతి చదువుతున్నాడు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. "ఏం తిన్నావు నాన్నా?" అని అడిగితే "ఏం తిన్నావు నాన్నా" అని ఆ మాటే మనకు తిరిగి చెబుతాడు. చాపలన్నీ ఒకే వరుసలో ఉండాలి. ఎవరైనా కదిపితే ఇక ఏడుపే. మైకు పెట్టగానే చెవులు రెండూ మూసుకొని అరుస్తాడు. అలాంటి వాడే మా ఊరి నుంచి వీరంకిలాకు దాకా రోడ్డు వెంట ఎన్ని కరెంటు స్తంభాలున్నాయో ఒక్కటి తప్పకుండా లెక్క చెబుతాడు.

నేను వాడిని మొండివాడనుకున్నాను. తల్లి గారాబం చేసి చెడగొట్టిందనుకున్నాను. రెండు ఆదివారాలు వరుసగా బయట అరుగు మీద కూర్చోబెట్టాను. ఆ తల్లి కూలిపనులకు వెళ్ళే మనిషి. నన్ను పల్లెత్తు మాట అనలేదు. "మీకు ఇబ్బందైతే ఇక తీసుకురానులెండి టీచరుగారూ" అని మాత్రం అంది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

ఆ ఏడు జూలైలో, కాలవలకు నీళ్ళు వదిలిన కొత్తలో, వాడు ఒంటరిగా రేవు మెట్లు దిగి నడుములోతు నీళ్ళలో నిలబడ్డాడు. సుడులు చూసి నవ్వుతున్నాడట. బట్టలుతికే ఆడవాళ్ళు చూసి బయటికి లాగారు కాబట్టి సరిపోయింది. భయమన్నదే లేదు వాడికి. అది మొండితనం కాదని ఆ రోజు నాకు అర్థమైంది.

ఊళ్ళో తలా ఒక మాట అన్నారు. గాలి సోకిందన్నారు కొందరు. పెద్దయ్యాక అదే సర్దుకుంటుందన్నారు ఇంకొందరు. ఎవరి పాపమో అన్నవాళ్ళు కూడా ఉన్నారు. పుట్టు గ్రుడ్డివానిని చూసి శిష్యులు కూడా ఆ ప్రశ్నే అడిగారు. ప్రభువు దానికి ఏమని జవాబిచ్చాడో మనమంతా చిన్నప్పటి నుంచి చదువుకున్నదే. అయినా పక్కింటి బిడ్డ దగ్గరికి వచ్చేసరికి మరచిపోతాం.

చివరకు పిల్లల డాక్టరుకు చూపిస్తే, "ఇది ఆటిజం కావచ్చు, పరీక్ష చేయించండి" అన్నారు. తల్లి నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "రక్తపరీక్షా టీచరుగారూ, స్కానింగా? ఎంతవుద్ది?"

ఆటిజాన్ని ఎలా కొలుస్తారు?

ఆటిజం ఉందో లేదో తేల్చిచెప్పే రక్తపరీక్ష గాని స్కానింగు గాని ఈనాటికీ లేదు. బిడ్డ మెదడు పెరిగే తీరులోనే ఉండే తేడా ఇది. ఎదుటివారితో కలవడంలో, మాటలో, సైగలో, చేసిందే చేయడంలో, చప్పుళ్ళను, వెలుతురును తట్టుకోవడంలో అది కనబడుతుంది. కనుక దాన్ని కొలవాలంటే బిడ్డను శ్రద్ధగా గమనించాలి. వాడిని రోజూ చూసేవారిని అడగాలి.

ఈ పద్ధతి మొదలైంది కూడా ఒక తండ్రి ఉత్తరంతోనే. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని ఫారెస్ట్ అనే చిన్న ఊళ్ళో 1933లో డోనాల్డ్ ట్రిప్లెట్ అనే పిల్లవాడు పుట్టాడు. మనుషులను పట్టించుకునేవాడు కాదు. వస్తువులను గుండ్రంగా తిప్పుతూ గడిపేవాడు. 1938లో వాళ్ళ నాన్న కొడుకు గురించి తాను చూసినదంతా 33 పేజీల ఉత్తరంగా వ్రాయించి, బాల్టిమోరులోని డాక్టర్ లియో కానర్‌కు పంపాడు. ఆ పిల్లవాడితో పాటు మొత్తం 11 మంది పిల్లల గురించి కానర్ 1943లో ప్రచురించిన వ్యాసంతోనే ఆటిజం అనే మాట వైద్యలోకంలో స్థిరపడింది.

తరువాతి కాలంలో ఒక పెద్ద పొరపాటు జరిగింది. తల్లి మనసులో ప్రేమ చాలకనే పిల్లలు ఇలా అవుతారని కొందరు నిపుణులే ప్రచారం చేశారు. ఎందరో తల్లులు ఆ నింద మోశారు. ఆటిజం గల కొడుకున్న బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే సైకాలజిస్టు 1964లో దాన్ని ఖండిస్తూ పుస్తకం వ్రాశాడు. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ 21 జతల కవలలను పరిశీలించి, దీనికి పుట్టుకతో వచ్చే కారణాలున్నాయని చూపించారు. కాబట్టి అమ్మలారా, మీ పెంపకం వల్ల ఇది రాలేదు.

మన దేశపు కొలబద్ద

ఇతర దేశాల్లో తయారైన పరీక్షలు చాలా ఉన్నాయి. 1980లో వచ్చిన కార్స్ అనే కొలబద్దలో 15 అంశాలుంటాయి. 1989లో వచ్చిన అడాస్ పద్ధతిలో నిపుణులు బిడ్డతో ఆడుతూ, మాట్లాడుతూ, వాడు ఎలా స్పందిస్తాడో గమనిస్తారు.

మన పిల్లల కోసం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఒక కొలబద్ద తయారు చేసింది. 1984లో ఏర్పడిన ఆ సంస్థను ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. ఆ కొలబద్ద పేరు ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం. పొట్టిగా ఇసా. వికలాంగుల ధ్రువపత్రం కోసం దీన్నే వాడాలని భారత ప్రభుత్వం 2016లో ప్రకటించింది.

ఇందులో 40 అంశాలున్నాయి. వాటిని ఆరు భాగాలు చేశారు. మనుషులతో కలవడం గురించి 9, భావాలు చూపడం గురించి 5, మాట, సైగల గురించి 9, ప్రవర్తన గురించి 7, చూపు, వినికిడి, స్పర్శ వంటి వాటి గురించి 6, ధ్యాస, జ్ఞాపకశక్తి గురించి 4. మా బాబు సంగతే చూడండి. అడిగిన మాటే తిరిగి చెప్పడం మూడో భాగంలోకి వస్తుంది. చాపలు కదిలితే ఏడవడం నాలుగో భాగంలోకి, మైకు శబ్దానికి చెవులు మూసుకోవడం అయిదో భాగంలోకి, స్తంభాల లెక్క గుర్తుండడం ఆరో భాగంలోకి వస్తాయి. కాలవలోకి దిగినా భయం లేకపోవడం రెండో భాగంలో ఉంది. మన లంకల్లో, కాలవ గట్ల మీద కాపురముండే వారికి ఆ ఒక్క అంశం ప్రాణంతో సమానం.

ఒక్కొక్క అంశానికి 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. ఆ ప్రవర్తన ఎంత తరచుగా కనబడుతుందన్నదే లెక్క. పది ప్రశ్నలడిగితే రెండింటికి లోపు అదే మాట తిరిగి చెబితే 1 మార్కు. నాలుగింటి దాకా అయితే 2, ఆరింటి దాకా 3, ఎనిమిదింటి దాకా 4, అంతకు మించితే 5. అన్నీ కలిపితే మొత్తం 40కి తగ్గదు, 200 దాటదు. 70కి లోపు వస్తే ఆటిజం లేదని, 70 నుంచి 106 దాకా స్వల్పమని, 107 నుంచి 153 దాకా మధ్యస్థమని, అంతకు మించితే తీవ్రమని లెక్క.

ఒక హెచ్చరిక. ఈ లెక్క చదివి ఎవరూ ఇంట్లో కూర్చొని బిడ్డకు మార్కులు వేయకండి. తర్ఫీదు పొందిన నిపుణులు బిడ్డను స్వయంగా చూసి, తల్లిదండ్రులను విచారించి వేయవలసిన మార్కులివి. చెవులు సరిగా వినబడుతున్నాయో లేదో కూడా పరీక్షించాలి. వినబడని బిడ్డ కూడా పిలిస్తే పలకడు కదా! తెలివితేటల పరీక్ష కూడా విడిగా ఉంటుంది. బుద్ధిమాంద్యం వేరు, ఆటిజం వేరు. కొందరిలో రెండూ ఉంటాయి, కొందరిలో ఉండవు.

సిగ్గుపడితే కొలత తప్పుతుంది

నిపుణులు బిడ్డను కొన్ని గంటలే చూస్తారు. తల్లి ఎనిమిదేళ్ళుగా చూస్తోంది. అందువల్ల ఆ కొలబద్ద ఎంత మంచిదైనా మనం చెప్పే మాట మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఇక్కడే మనవాళ్ళు రెండు రకాలుగా పొరపడతారు. కొందరు నలుగురూ ఏమనుకుంటారోనని "బాగానే ఉంటాడండి, కాస్త అల్లరి, అంతే" అంటారు. మరికొందరు సర్టిఫికెట్టు రావాలని ఉన్నదానికి లేనిది కలుపుతారు. మొదటి దానివల్ల అందవలసిన సాయం అందదు. రెండో దానివల్ల బిడ్డకు సరిపడని శిక్షణ ఇస్తారు.

మా బాబు తల్లికి వ్రాయడం రాదు. అందుకని ఏడో తరగతి చదివే వాళ్ళక్క చేత ఒక నోటుపుస్తకం పెట్టించాం. ఒక నెల రోజులు రాత్రిపూట అమ్మ చెబుతుంటే పిల్ల వ్రాసింది. ఈ రోజు ఎన్నిసార్లు ఏడ్చాడు, ఏం జరిగితే ఏడ్చాడు, ఎవరి కళ్ళలోకి చూశాడు, కొత్త మాట ఏదైనా అన్నాడా, దెబ్బ తగిలితే ఏడ్చాడా, ఏది వాసన చూశాడు. బడిలో మాస్టారుగారు కూడా ఒక కాగితం వ్రాసిచ్చారు. నేను ఒక పేజీ వ్రాశాను. అరుగు మీద కూర్చోబెట్టిన సంగతి కూడా అందులో పెట్టాను.

ఆ పుస్తకం పట్టుకొని, విజయవాడలో రైలెక్కి సికింద్రాబాదు వెళ్ళాం. పరీక్ష చేసిన ఆమె బాబుతో నేల మీద కూర్చొని ఆడింది. తల్లిని చాలాసేపు అడిగింది. ప్రతి ప్రశ్నకూ పుస్తకంలో జవాబు దొరికింది. చివరకు మధ్యస్థ స్థాయి అని తేలింది.

తల్లి ముఖం పాలిపోయింది. "అంటే మావాడు సగం మనిషనా అమ్మా?" అని అడిగింది.

"ఇవి వాడి విలువకు వేసిన మార్కులు కావమ్మా. మనం వాడికి ఎక్కడెక్కడ ఎంత సాయం చెయ్యాలో చెప్పే లెక్క" అని ఆమె జవాబిచ్చింది. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట కోసమే వ్రాస్తున్నాను.

లెక్క తేలితే ఒరిగేదేమిటి?

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరు లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో చేరింది. 2016 చట్టం దాన్ని విడిగా ఒక వైకల్యంగా గుర్తించింది. ఇసాలో 70 మార్కులు వస్తే 40 శాతం వైకల్యంగా లెక్కిస్తారు. 40 శాతం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ పథకం కింద లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు ఇలాంటి పిల్లలకు నేర్పుతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చే వైద్య బృందాలు చూడవలసిన వాటిలో ఆటిజం కూడా ఉంది. వాళ్ళు వచ్చిన రోజు మీ అనుమానం దాచుకోకుండా చెప్పండి. అయితే వాళ్ళు చేసేది వడపోత మాత్రమే. నిర్ధారణ తరువాతి మెట్టు.

ఆడపిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఎవరితోనూ మాట్లాడక ఒక మూల కూర్చునే ఆడపిల్లను మనం బుద్ధిమంతురాలని మెచ్చుకుంటాం. అందువల్ల వారి సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

ఆ మొదటి పిల్లవాడు ఏమయ్యాడు?

డోనాల్డ్‌ను తొమ్మిదో ఏట ఊరికి దూరంగా ఒక కౌలురైతు దంపతుల ఇంట ఉంచారు. వాళ్ళకు పెద్ద చదువులు లేవు. కానీ పిల్లవాడి పిచ్చిని పనిగా మలిచారు. వాడికి కొలతలంటే ఇష్టమని బావి తవ్వించి లోతు కొలిచి చెప్పమన్నారు. లెక్కపెట్టడం ఇష్టమని మొక్కజొన్న సాళ్ళు లెక్కపెడుతూ దున్నమన్నారు. చూడడానికి వచ్చిన డాక్టర్ కానర్ వాడు గుర్రాన్ని, నాగలిని తిప్పే నేర్పు చూసి ఆశ్చర్యపోయాడు. తరువాత డోనాల్డ్ కాలేజీలో చదివాడు, సొంత ఊళ్ళో బ్యాంకులో పని చేశాడు, కారు నడిపాడు. 2023లో 89వ ఏట కన్నుమూశాడు. ప్రతి బిడ్డా అంత దూరం వస్తాడని చెప్పలేం. చేతనైనంత దూరం రానివ్వడం మాత్రం చుట్టూ ఉన్నవారి చేతుల్లో ఉంది.

మా సంఘంలో ఇప్పుడు మైకు శబ్దం తగ్గించాం. స్పీకరుకు దూరంగా, తలుపు దగ్గర బాబుకు ఒక చోటు ఉంచాం. రేవు వైపు తడిక కట్టారు. ఆదివారం చాపలు పరిచి లెక్కపెట్టే పని వాడిదే. ఒక చాప తక్కువైతే ఆ సంగతి వాడే మాకు చెబుతాడు. ఇంకా ఏడుస్తాడు, ఇంకా పిలిస్తే పలకడు. కానీ అరుగు మీద కూర్చోబెట్టడం లేదు.

వాళ్ళ ఇంట్లో ఇప్పుడు రెండో నోటుపుస్తకం నడుస్తోంది. ఇదివరకు వాడికి దాహమైతే అమ్మ చెయ్యి పట్టుకొని బిందె దాకా లాక్కెళ్ళేవాడు. మొన్న వాళ్ళక్క వ్రాసిన పేజీ నాకు చూపించారు. అందులో ఒక్కటే వరుస ఉంది: "ఇవాళ తమ్ముడు అమ్మా నీళ్ళు అన్నాడు."