టార్చి సెల్లు వేరు, ఇది వేరు

మొన్న సంక్రాంతికి బెంగుళూరు నుండి పావగడకు వచ్చిన మా మేనల్లుడు, పెరట్లో కూర్చుని, చెడిపోయిన ఎలక్ట్రానిక్ సిగరెట్టు బ్యాటరీని విప్పసాగాడు. వద్దురా అంటే, "మామా, చిన్నప్పుడు నువ్వు టార్చి సెల్లు పగలగొట్టలేదా?" అన్నాడు.

నిజమే. నల్లపొడి దులిపి, బొగ్గుకడ్డీతో గోడలమీద గీతలు గీసినవాళ్లమే. కాని అది 1.5 వోల్టుల పొడి సెల్లు, ఇది 3.7 వోల్టుల లిథియం సెల్లు. ఇందులో రాగిరేకు, అల్యూమినియం రేకు చాపచుట్టలా చుట్టి ఉంటాయి. రెంటిమధ్య పలుచని ప్లాస్టిక్ పొర ఒక్కటే అడ్డు. అది చిరిగితే సెల్లు క్షణంలో వేడెక్కుతుంది. లోపలి ద్రవం అంటుకుంటుంది.

ఇంతలో స్క్రూడ్రైవరు మొన దిగనే దిగింది. తెల్లని పొగ ఎగసింది. వాడు జారవిడిచిన సెల్లుమీద గబగబా ఇసుక పోశాం. బొటనవేలు బొబ్బలెక్కింది, కళ్లు దక్కాయి, అంతే చాలు.

ఈ సిగరెట్లను కర్ణాటకలో 2016లోనూ, దేశమంతటా 2019లోనూ నిషేధించారు. అయినా ఇళ్లలోకి వస్తూనే ఉన్నవి. సెల్‌ఫోనులో ఉండేదీ ఈ జాతి బ్యాటరీయే. చెడితే విప్పకండి, చెత్తబుట్టలో వేయకండి. కొనలకు టేపు అంటించి, ఎలక్ట్రానిక్ చెత్త సేకరించేవారికి అప్పగించండి.

విప్పిచూడాలన్న సరదా మంచిదే. మావాడికి పాత అలారం గడియారం ఇచ్చాను.