కార్తెలు తప్పినా నేల తప్పలేదు

మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో పెద్దవాళ్లకి నెలల పేర్ల కంటే కార్తెల పేర్లే ముందు నోటికొస్తాయి. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కోటి 13, 14 రోజులు. రోహిణిలో రోళ్లు పగలాలి, మృగశిరలో తొలకరి పడాలి, ఆరుద్రకి విత్తనం పడాలి. మా తాతయ్యకి అదే వెదర్ యాప్!

ఇప్పుడా లెక్క కుదరట్లేదు. కార్తె సూర్యుడి నడకతో వస్తుంది కాబట్టి ఏటా ఇంచుమించు అదే తేదీకి వస్తుంది. వానే మాట వినట్లేదు. మొలకొచ్చాక రోజుల తరబడి చినుకుండదు, తర్వాత ఒక్క రాత్రిలో చేను మునుగుతుంది. మరి పాత తెలివికి కాలం చెల్లినట్టేనా? నేనలా అనుకోను. అందులో క్యాలెండర్ ఒక భాగమే. మిగతాదంతా నేల గురించే.

అప్పట్లో ఏం చేసేవారు?

వేసవిలో చేలో గొర్రెల మంద కట్టించేవారు. చెరువు మట్టి తోలేవారు. పత్తి సాళ్ల మధ్య కంది, గట్ల వెంట జొన్న వేసేవారు. జనుమో పిల్లిపెసరో చల్లి నేలలో కలియదున్నేవారు. ఒక పంట పోతే ఇంకోటి ఆదుకునేది.

తర్వాత ఎటు చూసినా ఒకటే పంట, దానికి మందుల మీద మందులు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేస్తే, అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో మిర్చి పూతలో నల్ల తామరపురుగు చేరింది. ఎన్నిసార్లు మందు కొట్టినా లొంగలేదు.

పాత తెలివి, కొత్త పేరు

రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయంలో పీఎండీఎస్ అనే పద్ధతి ఉంది. నవధాన్యాల విత్తనాలకి మట్టి, బూడిద, ఘనజీవామృతం పూత పట్టిస్తారు. తొలకరి కోసం ఆగకుండా పొడి నేలలోనే చల్లి, పైన గడ్డి కప్పుతారు. పూత ఉంటుంది కాబట్టి విత్తనం ఎండకీ చీమలకీ తట్టుకుంటుంది. నాలుగు చినుకులకే మొలుస్తుంది. అసలు పంట వేసేలోపు నేల పచ్చగా ఉంటుంది, వేళ్లతో గుల్లబారుతుంది, వాన నీటిని పట్టి ఉంచుతుంది. గాలిలోని కార్బన్ కొంత మట్టిలోకి చేరుతుంది. ఈ కార్యక్రమానికే 2024లో పోర్చుగల్‌ వాళ్ల గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. 10 లక్షల యూరోలను మరో ఇద్దరు విజేతలతో పంచుకుంది.

మరి అందరూ ఎందుకు చెయ్యట్లేదు?

కౌలు! మా వైపు మిర్చి వేసేవాళ్లలో చాలామందికి సొంత చేను లేదు. కౌలు ముందే కట్టాలి. వచ్చే ఏడు అదే చేను దొరుకుతుందన్న నమ్మకం లేదు. నేల బాగుపడాలంటే కొన్నేళ్లు పడుతుంది. పరాయి చేనుకి చెరువు మట్టి ఎవరు తోలతారు చెప్పండి?

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటూ ఊళ్లో పొలం కౌలుకిచ్చిన కుటుంబం మీదైతే, ఈసారి ఇంట్లో ఒక మాట కదిపి చూడండి. ఏడాదికి బదులు మూడేళ్లకి రాసిస్తే ఆ రైతు కంది సాళ్లు వేస్తాడు, మంద కట్టిస్తాడు. బాగుపడేది మీ నేలే.