దూరాన ఉన్న ప్రింటరుకు తెలుగు రసీదు చేర్చడం ఎలా?

మాకు ఎదురైన ఇబ్బంది మీకూ రావచ్చని ఇది రాస్తున్నాము.

విరాళాల రసీదులు తెలుగులోనే ఇవ్వాలని మా సంఘం తీర్మానం. కంప్యూటరు ఆఫీసు గదిలో ఉంటుంది. ప్రింటరు డెబ్బై మీటర్ల దూరాన, గేటు దగ్గరి కౌంటరులో ఉంటుంది. అది సీరియల్ పోర్టున్న పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. దాతకు, ఆఫీసుకు, ఆడిటరుకు మూడు కార్బన్ ప్రతులు ఒకేసారి వస్తాయి గనుక దాన్ని వదల్లేదు.

ఉగాది నాడు 1,116 రూపాయలిచ్చిన ఒక పెద్దాయన రసీదులో పేరు సగమే వచ్చింది, మిగతాదంతా చుక్కలే. "పేరే లేని రసీదు నాకెందుకయ్యా?" అన్నారాయన. ఇంగ్లీషు సరిగానే వస్తోంది కదా, ఇకపై అదే ఇద్దామన్నారు కమిటీలో కొందరు. అసలు తప్పు భాషది కాదు, తీగది, సెట్టింగులది.

మామూలు సీరియల్ పద్ధతి (ఆర్ఎస్-232)కి 15 మీటర్లే సాధారణ హద్దు. అందులో సంకేతాన్ని ఒకే గ్రౌండు తీగతో పోల్చి చదువుతారు. తీగ పొడవైతే సంకేతం మొద్దుబారుతుంది, పక్కనున్న కరెంటు తీగల అలజడి చేరుతుంది.

ఆర్ఎస్-422 పద్ధతిలో ఒక్కో సంకేతానికి మెలిపెట్టిన జంట తీగలుంటాయి. అవతలి కొస ఆ రెండింటి మధ్య తేడానే చూస్తుంది. కావడి మోసేవాడు గతుకులో దిగితే రెండు కుండలూ కలిసే దిగుతాయి. వాటి మధ్య తేడా మారదు. అలాగే అలజడి రెండు తీగలకూ సమానంగా తగిలి రద్దవుతుంది. తక్కువ వేగంలో 1,200 మీటర్ల దాకా పనిచేస్తుంది.

మేము చేసిన పని ఇది (కరెంటు ఆపే చేయండి):

1. రెండు కొసలా ఒక్కో 232–422 అడాప్టరు, మధ్య నెట్‌వర్కు కేబుల్.

2. ఒక జంట: ఆఫీసు అడాప్టరు పంపే ప్లస్, మైనస్‌లు గేటు అడాప్టరు అందుకునే ప్లస్, మైనస్‌లకు. రెండో జంట: గేటు నుంచి ఆఫీసుకు అదే విధంగా. మూడో జంట గ్రౌండుకు. ప్లస్, మైనస్ తారుమారైతే చెత్త అక్షరాలు వస్తాయి.

3. ప్రింటరు 25 పిన్నుల పోర్టులో సాధారణంగా 3 అందుకునేది, 2 పంపేది, 7 గ్రౌండు. మాన్యువల్ చూసి అడాప్టరుతో కలపండి.

4. రెండు వైపులా 9600 వేగం, 8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్, ఎక్సాన్–ఎక్సాఫ్.

నాలుగోదే కీలకం. మా ప్రింటరులో 7 బిట్లు పెట్టి ఉంది. ఇంగ్లీషు అక్షరాలకు అది చాలు. తెలుగు అక్షరాలు ఆ ప్రింటరుకు బొమ్మలుగా వెళ్తాయి, వాటికి 8 బిట్లూ కావాలి. బొమ్మలకు డేటా కూడా ఎక్కువ. ప్రింటరు మెమరీ నిండితే "ఆగు" అని చెప్పాలి. ఆ మాట తిరిగి వచ్చేది రెండో జంట మీదే. ఖర్చు తగ్గుతుందని ఆ జంటను మానేయవద్దు.

కేబుల్‌ను కరెంటు తీగల పక్కన లాగవద్దు. రెండు కట్టడాలకు వేర్వేరు ఎర్తింగు ఉంటే ఐసొలేషన్ ఉన్న అడాప్టరే కొనండి. పిడుగుల వాన వస్తుంటే తీగ ఊడదీయండి.

ఆ పెద్దాయనకు కొత్త రసీదు ఇచ్చాము. ఇంటిపేరుతో సహా తెలుగులో చదువుకుని జేబులో పెట్టుకున్నారు. ఇంగ్లీషు రసీదుల ప్రతిపాదన మళ్లీ రాలేదు.