సముద్రంలో చమురు ఎటు పాకుతోంది? డ్రోన్ల గుంపు ఎలా పట్టేస్తుందంటే..

2025 మే 25న కేరళ తీరానికి దగ్గర్లో ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే కంటైనర్ నౌక మునిగిపోయింది. అందులో 640 కంటైనర్లు ఉన్నాయి. ట్యాంకుల్లో 84 టన్నులకు పైగా డీజిల్, 367 టన్నుల ఫర్నేస్ ఆయిల్ ఉంది. మునిగిన చోటు చుట్టూ 20 నాటికల్ మైళ్ల వరకు వేటకు వెళ్లొద్దని అధికారులు మత్స్యకారులకు చెప్పారు. కొన్ని రోజుల్లోనే ప్లాస్టిక్ గుళికలు తిరువనంతపురం తీరానికి కొట్టుకొచ్చాయి. ఇలాంటి ప్రమాదం జరిగినప్పుడు ముందుగా తేలాల్సింది ఒక్కటే.. కాలుష్యం ఎక్కడిదాకా వెళ్లింది?

శాటిలైట్ చాలదా?

చమురు పడిన చోట నీటిపై చిన్న అలలు అణిగిపోతాయి. అందుకే రాడార్ శాటిలైట్ ఫొటోలో అక్కడ నల్లటి మచ్చ కనిపిస్తుంది. కానీ గాలి లేక నీళ్లు కదలకుండా ఉన్నా మచ్చ అలాగే వస్తుంది. పైగా ఒక శాటిలైట్ మళ్లీ అదే చోటికి రావడానికి రోజులు పట్టొచ్చు. ఈలోపు చమురు తెట్టు ముక్కలై ఎటో వెళ్లిపోతుంది.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ గాలి, అలలు, ప్రవాహాల లెక్కలతో తెట్టు ఎటు కదులుతుందో అంచనా ఇస్తుంది. ఆ అంచనా ఎంతవరకు కరెక్టో తేలాలంటే సముద్రంపై నుంచి తాజా కొలతలు కావాలి.

గుంపుగా వెళ్తే లాభమేంటి?

ఒక్క డ్రోన్ అయితే ఒక్కో చోటే చూడగలదు. అది ఈ చివర చేరేసరికి ఆ చివర మారిపోతుంది. గుంపులోని డ్రోన్లు ఏరియాను పంచుకుంటాయి. ఏ డ్రోన్ ఎటు వెళ్లాలో ప్రతిసారీ మనిషి చెప్పక్కర్లేదు. పక్క డ్రోన్‌కి దూరం పాటించడం, కనిపించింది మిగతావాటికి చెప్పడం లాంటి చిన్న రూల్స్‌తోనే పని నడుస్తుంది. ఒకదానికి తెట్టు అంచు దొరికితే మిగతావి ఆ అంచు వెంబడే సర్దుకుంటాయి. థర్మల్ కెమెరాలో నీళ్లకీ చమురుకీ తేడా తెలుస్తుంది. ఒక డ్రోన్ పాడైనా మిగతావి పని కానిచ్చేస్తాయి.

గాల్లోనే కాదు, నీటిలోనూ ఈ పద్ధతిని వాడి చూశారు. ఇటలీలోని వెనిస్ ఉప్పునీటి సరస్సులో సబ్‌కల్ట్రాన్ అనే యూరప్ ప్రాజెక్టు నీటిపై తేలేవి, ఈదేవి, అడుగున కూర్చునేవి.. ఇలా మూడు రకాల రోబోలతో నీటి పరిస్థితిని కొలిచింది.

ఇబ్బందులు లేవా?

ఉన్నాయి. చిన్న డ్రోన్ల బ్యాటరీ చాలావరకు అరగంట లోపే అయిపోతుంది. కాబట్టి పడవ మీద నుంచే ఎగరేసి, మార్చి మార్చి పంపాలి. వర్షాకాలం గాలులు, ఉప్పు తుంపరలు మరో తలనొప్పి. కంటిచూపు దాటి ఎగరేయాలంటే మన దేశంలో ప్రత్యేక అనుమతి కావాలి.

అయినా ఇంత శ్రమ ఎందుకంటే.. తెట్టు అంచు కచ్చితంగా తెలిస్తేనే చమురును ఆపే తేలే అడ్డుగోడలు సరైన చోట పడతాయి. శుభ్రంగా ఉన్న నీళ్లేవో తేలితే వేట నిషేధాన్ని అక్కడివరకు ముందే ఎత్తేయొచ్చు. ఏ రోజు వేట ఆ రోజు కూడుగా బతికే ఇంటికి ఒక్క రోజు ముందు పడవ కదిలినా పెద్ద ఊరటే.