తీపి పదార్థాలకు ప్రకృతి ఇచ్చిన రంగులు

మన పండుగలలో తీపి లేని పండుగ లేదు. ఆ తీపి నాలుకను చేరకముందే కంటిని చేరుతుంది. లడ్డూ పసుపువన్నెతో, జిలేబి నారింజవన్నెతో మెరిసితేనే పిల్లల చేయి ముందుకు సాగుతుంది. కాని ఆ వన్నె ఎక్కడినుండి వచ్చినది? ఈ ప్రశ్న మనలో చాలమందికి తోచదు. 2024 ఫిబ్రవరిలో మన పుదుచ్చేరియే ఈ ప్రశ్నను దేశం ముందు ఉంచినది.

పీచుమిఠాయి నేర్పిన పాఠం

సముద్రతీరంలో సాయంకాలం పిల్లలు ముచ్చటపడి కొనుక్కొనే గులాబిరంగు పీచుమిఠాయిలో రోడమిన్-బి అనే రసాయనం ఉన్నట్లు ఆహార భద్రతాధికారుల తనిఖీలో బయటపడినది. అప్పటి లెఫ్టినెంట్ గవర్నరు డాక్టర్ తమిళిసై సౌందరరాజన్ గారు పీచుమిఠాయి అమ్మకంపై నిషేధం ప్రకటించారు. వృత్తిరీత్యా వైద్యురాలైన ఆమె ఆ సమయంలో తెలంగాణకు కూడా గవర్నరుగా ఉన్నారు. అదే నెలలో తమిళనాడు, మార్చిలో కర్ణాటక ఇటువంటి చర్యలే తీసుకొన్నాయి. కర్ణాటక గోబీ మంచూరియాలో కృత్రిమ వర్ణాలను కూడా నిషేధించినది.

రోడమిన్-బి బట్టలకు, కాగితాలకు వేసే అద్దకపు రంగు. ఆహారంలో దీనిని వాడుటకు మన దేశంలో అనుమతి లేదు. అది చవక, చిటికెడు వేస్తే చాలు, ఎంతో పంచదారకు కాంతివంతమైన రంగు వస్తుంది. అపాయమంతా అక్కడే ఉన్నది.

బట్టల రంగుకు పుట్టినిల్లు

అద్దకం ఈ తీరానికి కొత్త విద్య కాదు. కోరమండల తీరంలో చిరివేరుతో ఎరుపును, నీలిమొక్కతో నీలాన్ని బట్టకు పట్టించేవారు. పుదుచ్చేరిలో నీలిమందుతో అద్దిన 'గినీ' గుడ్డను ఫ్రెంచివారు ఆఫ్రికాలోని సెనెగల్‌కు ఎగుమతి చేసేవారు. అక్కడ తుమ్మజాతి జిగురును కొనుటకు ఆ గుడ్డయే నాణెంవలె చెల్లేది. 1856లో విలియమ్ పెర్కిన్ అనే పద్దెనిమిదేండ్ల ఆంగ్లేయ యువకుడు క్వినైన్ తయారుచేయబోయి, తారునుండి లభించిన పదార్థంతో ఊదారంగును కనుగొన్నాడు. అప్పటినుండి కృత్రిమ వర్ణాల యుగం మొదలైనది. బట్టల కోసం పుట్టిన వర్ణాలు క్రమంగా వంటింటి గడప దాటినవి.

చట్టం చెప్పునది

1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టం స్థానంలో ఇప్పుడు 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం అమలులో ఉన్నది. దీని ప్రకారం టార్‌ట్రజిన్, సన్‌సెట్ యెల్లో, కార్మోసిన్ మొదలైన 8 కృత్రిమ వర్ణాలను మాత్రమే నిర్దిష్ట పదార్థాలలో, నిర్ణీత పరిమితిలో వాడవచ్చును. సాధారణంగా ఆ పరిమితి కిలోకు 100 మిల్లీగ్రాములు. పొట్లాలపై అంకెలు చూడుట అలవాటు చేసుకొనవలెను: 102 అనగా టార్‌ట్రజిన్, 110 అనగా సన్‌సెట్ యెల్లో, 100 పసుపునుండి, 162 బీట్‌రూట్‌నుండి వచ్చే వర్ణాలు. టార్‌ట్రజిన్‌తో సహా ఆరు కృత్రిమ వర్ణాలున్న ఆహారంపై, పిల్లల నడవడిపైన, ఏకాగ్రతపైన ప్రతికూల ప్రభావం ఉండవచ్చునను హెచ్చరికను ఐరోపా సమాఖ్య 2010 నుండి తప్పనిసరి చేసినది.

రంగు గుణం తెలిసి వాడవలెను

సహజవర్ణం నిలువదని గృహిణుల ఫిర్యాదు. నిజమే, కాని లోపం రంగులో కాదు, వాడే విధానంలో ఉన్నది. వేడి, వెలుతురు, ఆమ్లం, క్షారం - ఈ నాలుగింటికి ప్రతి వర్ణం ఒక్కొక్క రీతిలో స్పందిస్తుంది.

పసుపులోని కుర్‌కుమిన్ నీటిలో కరగదు, నేతిలో కరుగుతుంది. క్షారం తగిలితే ఎర్రబారుతుంది. హారతి పళ్ళెంలో పసుపునీటికి సున్నం కలిపినప్పుడు జరిగేది ఇదే. అందువలన వంటసోడా పడిన పిండిలో పసుపు వేస్తే వన్నె మారును.

బీట్‌రూట్ రంగు పులుపుకు చెదరదు, దీర్ఘమైన వేడికి చెదరుతుంది. కనుక పాకం దించిన తరువాతనే కలపవలెను.

క్యారట్, జాఫ్రా గింజల రంగులు కొవ్వులో కరుగుతాయి. నేతిలో సన్నని సెగపై వేచితే నారింజవన్నె దిగుతుంది.

ఆకుపచ్చని పత్రహరితం వేడికి, పులుపుకు మెగ్నీషియమును కోల్పోయి మాసిన రంగుకు తిరుగుతుంది. పుదీనా ముద్దను నిమ్మరసంలో త్రాగబోయే ముందు మాత్రమే వేయవలెను.

శంఖపుష్పం, నేరేడు, దానిమ్మలలోని వర్ణాలు ఆమ్లంలో ఎరుపువైపు, క్షారంలో నీలంవైపు మొగ్గుతాయి.

ఇంటిలో చేయదగినవి

కొబ్బరి లౌజు: ఒక గిన్నెడు కొబ్బరి తురుముకు ముప్పావు గిన్నె పంచదార వేసి దగ్గరపడే వరకు కలియబెట్టవలెను. దించిన పిమ్మట రెండు చెంచాల చిక్కని బీట్‌రూట్ రసం, ఏలకుల పొడి కలిపి నేయి రాచిన పళ్ళెంలో పరచవలెను. పీచుమిఠాయిని మరపించే గులాబివన్నె వస్తుంది.

కేసరి: నాలుగు కుంకుమపూరేకులను గోరువెచ్చని పాలలో అరగంట నాననిచ్చి చివర కలపవలెను. అది ఖరీదనుకొంటే, నేతిలో వేచిన క్యారట్ తురుము చాలును.

శంఖపుష్ప పానకం: పది పూలను వేడినీటిలో పది నిమిషాలు ఉంచి వడకట్టవలెను. చల్లారిన నీలినీటిలో పిల్లల ఎదుటనే నిమ్మరసం పిండితే ఊదారంగు వస్తుంది. ఇది పానీయమే కాదు, రసాయనశాస్త్ర పాఠము కూడ.

నేరేడు, దానిమ్మ, పుచ్చకాయ రసాలకు రంగు చేర్చవలసిన పనే లేదు. అయితే పండ్లరసంలోనూ చక్కెర ఉంటుందని మరువరాదు. పైన పంచదార వేయక, పీచును పూర్తిగా వడకట్టక, చిన్న గ్లాసుతో ఇచ్చుట మేలు. మధుమేహం ఉన్నవారికి రసంకంటె పండే శ్రేయస్కరం.

ఒక హెచ్చరిక, ఒక విన్నపం

సహజమన్నదంతా నిర్దోషం కాదు. పసుపుపొడిలో మెటానిల్ యెల్లో, లెడ్ క్రోమేట్ వంటివి కల్తీ చేసే దుర్మార్గం ఉన్నది. పసుపుకొమ్ములు కొని దంచుకొనుట, లేదా లైసెన్సు సంఖ్య ముద్రించిన పొట్లం కొనుట ఉత్తమం.

పీచుమిఠాయి అమ్ముకొనేవాడు దుర్మార్గుడు కాడు. ఆ గులాబిపొడి బట్టల రంగని అతనికి తెలియకపోవచ్చును. మనం మెరుపును కోరినంతకాలం అతడు మెరుపునే అమ్ముతాడు. రంగులేని తెల్లని పీచుమిఠాయి కావాలని పదిమంది అడిగిననాడు అతడూ మారును, అతని జీవనమూ నిలుచును.

మన కాలనీ సంబరాలలో, క్యాంటీనులో, పిల్లల పుట్టినరోజులలో ఈ మార్పుకు శ్రీకారం చుట్టవచ్చును. మనం చేసిన లౌజు అంగడి మిఠాయి అంత మెరవకపోవచ్చును. ఆ కొద్దిపాటి వెలితిని చూచి ముఖం చిట్లించక తినుట ముందు పెద్దలు నేర్చుకొంటే, పిల్లలు తామే నేర్చుకొంటారు.